కోటు మోచేతి దగ్గర రఫ్ఫు

ఆ రోజు సూదక్క కొట్టు ముందు కాంట్రాక్టరు వేసిన కేకలకు, మెట్ల కింద టీ తాగుతున్నవాళ్ళంతా గ్లాసులు పట్టుకునే పైకొచ్చేశారు. అతని చేతిలో బూడిదరంగు ఉన్ని కోటు ఉంది. నాలుగు రోజుల కిందట భుజం వెనక బొటనవేలు దూరేంత చిరుగుతో అతని డ్రైవరు దాన్ని తెచ్చిచ్చాడు. ఇప్పుడు ఆ చిరుగు కనపడటం లేదు. అదీ గొడవ.

“ఎక్కడ కుట్టావో చూపించు! కుట్టు కనపడితేగా కూలి ఇచ్చేది! అసలు చిరిగిందో లేదో కూడా నేను చూళ్ళేదు. నాలుగు రోజులు మూలన పడేసి ఇప్పుడు చెయ్యి చాస్తే ఇవ్వడానికి నేనేమన్నా పిచ్చోణ్ణా?”

సూదక్క కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుంది. “కుట్టు కనపడలేదా సార్?”

“లేదు.”

“సరిగ్గా చూశారా?”

“నా కళ్ళకేం రోగం? లేదంటే లేదు!”

“నలుగురి ముందూ అన్నారు, మంచిది.”

కోటు బల్ల మీద పరిచింది. చూపు మా అందరి మీదే ఉంచి, వేళ్ళతో మాత్రం భుజం వెనక తడిమింది. సూదిమొనతో ఒక దారం పైకి లేపి లాగింది. ఆ తరవాత ఇంకొకటి, ఆ తరవాత ఇంకొకటి. పదో దారానికి చిరుగు నోరు తెరుచుకుంది. గ్లాసులు పట్టుకున్నవాళ్ళు “అబ్బో” అన్నారు.

“ఇదిగోండి మీ కోటు. నేనేమీ చెయ్యలేదు, మీరేమీ ఇవ్వక్కర్లేదు.”

ఆ సాయంత్రమే అతనికి ఎక్కడో సన్మానం ఉందట. మొహం మాడిపోయింది. పర్సు తీశాడు, రెట్టింపు ఇస్తానన్నాడు. సూదక్క కళ్ళజోడు మళ్ళీ ముక్కు మీదికి దించుకుని, “డబ్బు సంగతి తరవాత సార్. ముందు వరసలో నిలబడండి. మీ ముందు ఆరుగురున్నారు” అంది. నేను ఎంత నవ్వానంటే ఇస్త్రీపెట్టె కింద ఎవరిదో దిండు గలీబు మాడిపోయింది. దాని డబ్బులు నా జేబులోంచే పోయాయి. అయినా నాకేం బాధ లేదు.

అంత మనిషిని, ఎక్కడో ఫోను వెనక కూర్చున్న ముష్టివెధవ ఒకడు మాటలతో దోచుకుపోయాడు. అది చెప్పడానికే ఇదంతా. చదివి “అయ్యో పాపం” అనుకుని పేజీ తిప్పేసేవాళ్ళు ఇక్కడే ఆపెయ్యండి. ఆమెకు మీ పాపం అక్కర్లేదు.

మాది రెండంతస్తుల బజారు. మెట్లెక్కగానే ఎడమపక్క నా ఇస్త్రీ గది, దాన్ని ఆనుకుని ఆమె కొట్టు. మధ్యలో గోడ కాదు, చెక్క. నేను దగ్గితే అవతలి నుంచి “నీళ్ళు తాగు వదినా” అని వినపడేది. ఆమె చేతిలోంచి కత్తెర జారితే నేను ఉలిక్కిపడేదాన్ని. ఇరవై ఆరేళ్ళు అలా గడిచాయి. ఆమె నాకంటే అయిదేళ్ళు చిన్న. చుట్టరికం లేదు, కానీ ఒకరినొకరం వదినా అనే పిలుచుకుంటాం.

ఆమె చేసేది మామూలు కుట్టుపని కాదు, రఫ్ఫు. చిరిగిన బట్ట లోపలి మడతలోంచే దారాలు తీసి, చిరుగు మీద పడుగూ పేకా కలిపి మళ్ళీ నేస్తుంది. వంచిన తీగకు కట్టిన భూతద్దం, దాని కింద చిన్న దీపం, ఎప్పుడూ జాకెట్టు జబ్బకు గుచ్చి ఉండే మూడు సూదులు, ఇవే ఆమె ఆస్తి. పదిహేనేళ్ళ పిల్లగా ఆసుపత్రిలో చిరిగిన దుప్పట్లు కుట్టే గదిలో చేరింది. అక్కడొక ముసలాయన ఈ పని నేర్పాడు. నువ్వు కుట్టినట్టు ఎవరికీ తెలియకూడదు, తెలిసిందంటే నీకు పని రానట్టే అని చెప్పాడట. ఆ మాట పట్టుకుని యాభై ఏళ్ళు బతికింది. బస్సుల మరమ్మతు చేసే మొగుడు పోయి పదకొండేళ్ళయింది. ఒక్కతే కూతురు, రెండు వీధులవతల బడిలో గుమాస్తా. “అమ్మా తిన్నావా సరే ఉంటా” అని ఒక్క ఊపిరిలో ఫోను పెట్టేసే రకం.

ఒక్కటి ఆలోచించండి. యాభై ఏళ్ళు ఒక మనిషి పనిచేస్తే, బాగా చేసినంతకాలం ఆ పని ఎవరికీ కనపడదు. కోటు తీసుకున్నవాడు అటూ ఇటూ తిప్పి చూసి, తల ఆడించి వెళ్ళిపోతాడు. నా ఇస్త్రీ అయినా మడత నలిగేదాకా కనపడుతుంది. ఆమెది అదీ లేదు. ఆ ఫోను వెనక వాడికి ఈ సందే దొరికింది.

కూతురు కొత్త ఫోను కొనిచ్చి, చేతిపనులవాళ్ళ గుంపు ఒకదాంట్లో చేర్చింది. సూదక్క ఒక శాలువా చిరిగినప్పటి ఫోటో ఒకటి, బాగుచేశాక ఒకటి పక్కపక్కన పెట్టింది. చాలామంది బొటనవేలు బొమ్మ పెట్టి పోయారు. ఒకడు మాత్రం రాశాడు: “ఎడమ అంచు నుంచి నాలుగు వేళ్ళ దూరంలో ఉంది కదండీ మీ కుట్టు? గంటసేపు వెతికితే దొరికింది. ఆ చేతులకు దండం.”

ఆమె ఆ ఫోను పట్టుకుని నా గదిలోకి వచ్చిన తీరు నాకింకా కళ్ళకు కడుతుంది. “వదినా, ఒక మనిషికి కనపడింది!” అంది.

నేనూ సంబరపడ్డాను. చిరుగు ఎక్కడుందో మొదటి ఫోటోలోనే ఉంది, రెండోదాంట్లో అదే చోటు చెప్పాడు, దానికి గంటా అక్కర్లేదు, కళ్ళూ అక్కర్లేదు అన్న సంగతి మా ఇద్దరి బుర్రలకూ తట్టలేదు.

అక్కణ్ణుంచి రోజూ రాసేవాడు. వంతెనలు కట్టే ఇంజనీరునన్నాడు. ఏదో దీవిలో పని, పెళ్ళాం పోయింది, పిల్లలు లేరు. అందుకే మేం అతన్ని వంతెనాయన అనేవాళ్ళం. పొద్దున్నే “కళ్ళు మంటలు తగ్గాయా?” అని అడిగేవాడు. కన్న కూతురు ఆ మాట అడిగి ఎన్నేళ్ళయిందో నేను చెప్పను, ఆ పిల్లకే తెలుసు.

నేను మొదట్లోనే అడిగాను. “మనిషి నిజమేనా వదినా? ఫోనుల్లో దొంగలుంటారట.”

“నాకు తెలీదనుకున్నావా?” అని ఫోటో తీసి భూతద్దం కింద పెట్టింది. గోధుమరంగు కోటు వేసుకుని వంతెన కటకటాల దగ్గర నిలబడ్డ మనిషి. నెరిసిన జుట్టు. “మొహం కాదు, కుడి మోచెయ్యి చూడు.”

చూశాను. నాకేం కనపడలేదు.

“రఫ్ఫు చేశారు వదినా! ఆడమనిషి చెయ్యి, పని నేర్చిన చెయ్యి కాదు. దారం ఒక వన్నె తక్కువ పడింది, పేక కాస్త బిగిసింది. ప్రేమగా కుట్టింది ఎవరో. మీ ఆవిడ కుట్టిందా అని అడిగాను. ఒక రోజంతా జవాబు రాలేదు. మర్నాడు, అవునండీ, ఆవిడ పోయాక ఆ కోటు ఎవరికీ ఉతకనివ్వలేదు అని రాశాడు. ఏడిచాడేమో పాపం.”

“అయితే?”

“అయితే ఏంటి? మోసం చేసేవాడు కొత్త కోటు వేసుకుని కారు పక్కన నిలబడతాడు. అతుకు పడ్డ మోచెయ్యి ఎవడన్నా చూపించుకుంటాడా? బట్ట అబద్ధం చెప్పదు వదినా. నేను యాభై ఏళ్ళు చూశాను.”

బట్ట అబద్ధం చెప్పదు, అది నిజమే. ఆ కోటు నిజం, ఆ రఫ్ఫు నిజం, దాన్ని కుట్టిన ఇల్లాలు నిజం. ఆ ఫోటో ఎత్తుకొచ్చి పంపినవాడే అబద్ధం. మరొకరెవరూ చెయ్యని తప్పు ఇది. కూరలమ్మే ఆమె అయితే మొహం చూసి అనుమానపడేది. సూదక్క మోచెయ్యి చూసి నమ్మింది. పైగా అతనికి చచ్చిపోయిన పెళ్ళాం కుట్టిన కథ అందించింది కూడా తనే. వాడికి తల ఊపడమే మిగిలింది.

మూడు నెలలకు ఇంకో ఫోటో వచ్చింది. ఈసారి కోటు లేదు. నీలం చొక్కాతో డేరాలో కూర్చుని ఉన్నాడు. ఇవాళ పొద్దున తీయించుకున్నాడట. సూదక్క మురిసిపోతూ చూపించింది. నేను బట్టల మనిషినే కదా, నా కన్ను చొక్కా మీదికే పోయింది. వంతెన ఫోటోలో కోటు లోపల ఉన్నదీ ఈ చొక్కానే. మెడపట్టీ కుడికొన పైకి లేచి ఉంది. రెండో గుండీ దగ్గర అడ్డంగా ఒక ముడత, దాని కింద కాకి కాలులా మూడు గీతలు. అక్కడా అవే, ఇక్కడా అవే. మూడు నెలల తేడాలో.

ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా రెండోసారి అదే గీతల్లో నలగదు. ఇది నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. రెండు ఫోటోలూ ఒకే రోజువి.

ఆ మాట మర్యాదగా చెప్పి ఉంటే నేను నేనెందుకవుతాను? “ఏం, నీ వంతెనాయన మూడు నెలల్నుంచి చొక్కా ఉతుక్కోలేదా? అంత కంపు మనిషా?” అన్నాను.

ఆమె మొహం ఎర్రబడింది. “నీకు కళ్ళు కుట్టాయి వదినా.”

“ఎవరికి? నాకా?”

“నీకే. ఈ వయసులో నన్నొకరు పలకరిస్తుంటే ఓర్చుకోలేకపోతున్నావు.”

“కుట్టేది నువ్వు, కళ్ళు కుట్టాయని నన్నంటావా? పో, నువ్వూ నీ వంతెనా!”

అంతే. ముడతల సంగతి నా నోట్లోనే ఉండిపోయింది. తనే వచ్చి అడగనీ అనుకున్నాను. మూడు వారాలు చెక్కకు ఇటు నేను, అటు ఆమె. నేను దగ్గినా నీళ్ళు తాగమన్న మాట వినపడలేదు. ఆమె మాత్రం సన్నగా కూనిరాగం తీస్తూ పని చేసుకునేది. అది వింటూ పళ్ళు నూరుకున్నానే గాని, లేచి వెళ్ళి చెప్పలేదు. నా పౌరుషం కాలిపోను.

నాలుగోవారం శుక్రవారం పొద్దున, ఇంటి యజమాని మనిషి ఒకడు టేపు పట్టుకుని వచ్చి ఆమె కొట్టు కొలుస్తున్నాడు. “ఏంట్రా?” అన్నాను. “ఇక్కడ సెల్‌ఫోను కవర్ల కొట్టు వస్తోందండీ. ఈవిడ ఖాళీ చేస్తానని అడ్వాన్సు వెనక్కి తీసుకుంది కదా” అన్నాడు.

ఇస్త్రీపెట్టె నిలబెట్టి, ఒక్క అంగలో లోపలికి పోయాను. సూదక్క భూతద్దాన్ని పాత తువ్వాలులో చుడుతోంది.

“అడ్వాన్సు ఏం చేశావు?”

తల ఎత్తలేదు. “ఆయన వచ్చే నెల వస్తున్నాడు. వంతెన పూర్తయింది. ఆయనకు రావలసింది రావాలంటే ముందు పన్నేదో కట్టాలట. మంగళవారం పంపాను.”

“అంతకు ముందు?”

తువ్వాలుకు ఇంకో చుట్టు వేసింది. అంటే అంతకు ముందు కూడా ఉందన్నమాట.

“బ్యాంకులో ఎవరూ అడగలేదా?”

“కౌంటరు దగ్గర పిల్ల రెండుసార్లు అడిగింది, ఎవరికండీ, మీకు బాగా తెలిసినవాళ్ళేనా అని. తమ్ముడి వైద్యానికని చెప్పాను. ఆయనే అలా చెప్పమన్నాడు. మన సంగతి వాళ్ళకెందుకు, నవ్వుతారు అన్నాడు.”

ఒక వన్నె తక్కువ దారం వాడితే కూలి తగ్గించుకునే మనిషి. ఆమె చేత లేని తమ్ముణ్ణి పుట్టించాడు. ఆ పని చేసిన నోరు నాకెప్పుడన్నా ఎదురుపడితే, కణకణలాడే ఇస్త్రీపెట్టెతో దాని ముడతలు తీస్తాను.

నేను తిట్టలేదు. ఎందుకు తిట్టలేదో నాకే తెలీదు. నా గదిలోంచి ఉతికి పెట్టిన చొక్కా ఒకటి తెచ్చి, చేత్తో నలిపి ఆమె బల్ల మీద పడేశాను. “గీతలు చూసుకో.” చూసింది. నీళ్ళు చల్లి ఇస్త్రీ చేసుకొచ్చి, ఆమె ముందే మళ్ళీ నలిపాను. “ఇప్పుడు చూసుకో. అవేనా?”

“కాదు. ఎందుకిదంతా?”

“ఇప్పుడు నీ ఫోను తీసి, ఆ రెండు ఫోటోల్లో రెండో గుండీ దగ్గర చూడు.”

తువ్వాలు విప్పి భూతద్దం బయటికి తీసింది. దీపం వెలిగించి ఒక ఫోటో చూసింది, రెండోది చూసింది. మళ్ళీ మొదటిది చూసింది. టేపు మనిషి కొలవడం మానేసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. కాసేపటికి దీపం ఆర్పింది.

“రఫ్ఫు మాత్రం నిజమే వదినా,” అంది. “ఎవరో పుణ్యాత్మురాలు కుట్టింది. వాళ్ళాయన ఫోటో ఇలా తిరుగుతోందని ఆవిడకి తెలుసో లేదో.”

తరవాత అడిగింది. “నువ్వు ఎప్పుడు చూశావు ఈ గీతలు?”

చెప్పాను. భూతద్దాన్ని మళ్ళీ తువ్వాలులో చుట్టింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

పోలీసుల దగ్గరికి ఆ రోజే పోవాల్సింది. కూతురొచ్చి అడ్డం కూర్చుంది. “అత్తయ్యా, బయటికి తెలిస్తే మా ఆయన ముందు నేను తలెత్తుకోగలనా? పోయిందేదో పోయింది. అయినా ఈ వయసులో అమ్మకిదేం పని?”

“నీ మొగుడి ముందు నువ్వు తలెత్తుకోడానికి మీ అమ్మ తల దించుకోవాలా? కళ్ళు మంటలు తగ్గాయా అని రోజుకొక్కసారి నువ్వు అడిగి ఉంటే వాడికి పని ఉండేదా?”

ఆ పిల్ల ఏడ్చింది. ఏడిస్తే ఏడిచింది. కానీ ఆ ఏడుపులూ మంతనాలతో ఆరు రోజులు గడిచిపోయాయి.

స్టేషన్లో కంప్యూటర్ నేరాలు రాసుకునే గదిలో ఒక కుర్ర ఆఫీసరున్నాడు. వింటూ వింటూ మూతి పక్కకి తిప్పి నవ్వాడు. “ప్రేమించారామ్మా? ఈ వయసులోనా?”

సూదక్క చేతులు ఒళ్ళో పెట్టుకుని, లేని చిరుగేదో తడుముతున్నట్టు వేళ్ళు కదుపుతోంది. నాకు నెత్తురు మరిగింది. “నాయనా, నీ జేబు ఎవడన్నా కొట్టేస్తే, ఈ వయసులో నీకు జేబెందుకని అడుగుతారా? దొంగతనం జరిగిందని వచ్చాం. ఆమె వయసు నేరం కాదు. రాసుకో.”

పక్క బల్ల దగ్గరున్న పెద్దావిడ, ఆమె కూడా పోలీసే, కుర్రాణ్ణి లేపి తను కూర్చుంది. అంతా రాసుకుంది. “పంపిన గంటల్లో వచ్చి ఉంటే బ్యాంకుకి చెప్పి ఆపించడానికి దారి ఉండేదమ్మా. ఇప్పుడు ప్రయత్నిస్తాం, మాటివ్వలేను. మీలాంటివాళ్ళు సిగ్గుపడి ఆలస్యంగా వస్తారు. వాడికి కావలసింది ఆ సిగ్గే” అంది. లేవబోతుంటే ఇంకొకటి చెప్పింది. “పోయిన డబ్బు తిరిగి తెప్పిస్తామని ఇంకొకరెవరన్నా ఫోను చేస్తారు. వాళ్ళూ ఈ దొంగలే.”

నాలుగో రోజున ఒకడు చేశాడు. లాయరునన్నాడు. ఫోను నేను తీసుకున్నాను. వాడికి నేనేం చెప్పానో ఇక్కడ అచ్చు వెయ్యరు.

కొట్టు పోయింది. ఇప్పుడక్కడ రంగురంగుల కవర్లు వేలాడుతున్నాయి. సూదక్క భూతద్దం, దీపం, బల్ల నా గదిలో కిటికీ పక్కకి వచ్చాయి. మధ్యలో చెక్క లేదు. కూతురు రోజూ సాయంత్రం వచ్చి గంటసేపు కూర్చుంటోంది. కూర్చోనీ. నాకు మాత్రం ఆ పిల్ల మీద కోపం తగ్గలేదు.

బజారులో నవ్వుకున్నారు. “సూదక్క పెళ్ళెప్పుడు?” అని మెట్ల కింద ఒకడన్నాడట. వాడి చొక్కాలు ఇప్పుడు నేను ఇస్త్రీ చెయ్యను. సూదక్క ఎవరికీ జవాబు చెప్పలేదు. తల వంచుకుని పని చేసుకునేది. కొత్తగా వచ్చినవాళ్ళు, కొట్టెందుకు మారిందని అడిగితే, “కళ్ళు సరిగా లేవు, అందుకని” అనేది. తన బతుకును కూడా రఫ్ఫు చేసుకుంటోంది.

పోయిన సోమవారం, పదవీ విరమణ చేసిన లెక్కల మాస్టారొకాయన గుండీ కుట్టించుకోడానికి వచ్చాడు. కుట్టడం అయిపోయింది, ఆయన మాత్రం కదల్లేదు. గుమ్మం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

“మీకు అలా జరిగిందని విన్నానమ్మా. తప్పుగా అనుకోకండి. నాకూ ఒకావిడ రాస్తోంది. నర్సునంటుంది. మంచి మనిషిలాగే ఉంది.”

సూదక్క చేతిలో సూదిని జాకెట్టు జబ్బకు గుచ్చింది. “ఎవరికీ చెప్పొద్దందా?”

“అంది. మీకెలా తెలుసు?”

“ఏమన్నా పంపమందా?”

“రేపు పంపుతానన్నాను.”

“ఫోటోలున్నాయా? ఇలా ఇవ్వండి. వదినా, రా, నీ పని.”

ఇద్దరం భూతద్దం కింద చూశాం. నర్సు గౌనుకి ఇస్త్రీ బాగానే ఉంది, గీతల్లో నాకేం దొరకలేదు. మాస్టారి మొహం వెలిగింది. సూదక్క ఫోను ఆయన చేతిలో పెట్టి అంది. “మాస్టారూ, బట్టలు చూసి ఏమీ చెప్పలేం. నేను బట్ట చూసే మునిగిపోయాను. ఎవరికీ చెప్పొద్దందా లేదా, అదొక్కటే చూడండి. ఇవాళే ఇంటికెళ్ళి మీ అబ్బాయికి చెప్పండి. వాడు నవ్వితే నవ్వనీండి. చెప్పాక కూడా మీకు పంపాలనిపిస్తే, అప్పుడు నా దగ్గరికి రండి.”

ఆయన లేచి, గుండీ డబ్బులు ఇవ్వడం కూడా మరిచిపోయి వెళ్ళాడు. మర్నాడు కొడుకుని వెంటబెట్టుకుని వచ్చి ఇచ్చాడు. పంపలేదట.

వాళ్ళిద్దరూ వెళ్ళాక సూదక్క ఎక్కించబోతున్న దారం పక్కన పెట్టింది. తరవాత నా వైపు తిరిగింది.

“వదినా, నువ్వు నాలుగో తరగతే అయినా, తిట్టడంలో పెద్ద చదువులు చదివావు. ఇదంతా రాసి ఏదన్నా పత్రికకి పంపు.”

“నీ సంగతా? కూతురు ఊరుకుంటుందా?”

“నా కూతురితో నేను చెప్పుకుంటాను. ఆ మాస్టారు నా దగ్గరికి ఎందుకొచ్చాడు? నా చిరుగు కనపడింది కాబట్టి వచ్చాడు. నువ్వు అందంగా, అతుకు తెలియకుండా రాయకు. ఆ రోజు కాంట్రాక్టరు కోటుకి నేనేం చేశానో అది చెయ్యి. దారం లాగెయ్. నలుగురూ చూడనీ.”

సరేనన్నాను. కాగితం కోసం లేస్తుంటే మళ్ళీ పిలిచింది.

“వదినా. చెక్కకు ఇవతల కూర్చుని నువ్వు మాట్లాడని ఆ మూడు వారాలు కూడా రాయి.”